అమ్మ ఆపరేషన్ బాగానే అయింది, కానీ నన్ను గుర్తుపట్టడం లేదు

ఉద్దానం_కొబ్బరాకు | శుక్రవారం, రాత్రి 1:20

నిద్ర పట్టక రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మాది వజ్రపుకొత్తూరు వైపు. అమ్మకి 71 ఏళ్లు. సోమవారం పొద్దున్నే నూతి గట్టు దగ్గర జారి పడింది. కుడికాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయింది. చిన్నాన్న నాటు కట్టు కట్టిద్దామన్నాడు. నేను వినకుండా 108కి ఫోన్ చేశాను. పలాసలో ఎక్స్‌రే తీసి తుంటి దగ్గర తొడ ఎముక మెడ భాగం విరిగిందన్నారు. శ్రీకాకుళం తెచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. బుధవారం ఆపరేషన్. విరిగిన ఎముక పై గుండు తీసేసి లోహంది పెట్టారు. డాక్టరు గారు బయటికొచ్చి బొటనవేలు చూపించి వెళ్లారు. ఆ రాత్రి అమ్మ నాతో బాగానే మాట్లాడింది, గేదెకి కుడితి పెట్టారా అని కూడా అడిగింది.

నిన్న చీకటి పడ్డాక మొదలైంది. "ఒరే, తలుపెయ్యండ్రా! గాలొచ్చీసింది. కొబ్బరి సెట్లన్నీ పడిపోతన్నాయి" అని ఒకటే కేకలు. నన్ను "అన్నియ్యా" అంటోంది. మా పెద్దమావయ్య పోయి ఇరవై ఏళ్లయింది. సెలైన్ సూది పీకేసుకుంది, దుప్పటంతా రక్తం. నేను టీ తాగి వచ్చేసరికి రెండు చేతులూ గాజుగుడ్డతో మంచం కమ్మీకి కట్టేసి ఉన్నాయి. అడిగితే "వయసు కదండీ, మత్తు దిగలేదు" అన్నారు. ఆపరేషనై రెండో రాత్రి కదా, ఇంకా మత్తేమిటి?

ఇది పిచ్చా? ఇక ఇలాగే ఉండిపోతుందా? ఎవరికైనా ఇలా జరిగిందా?

నాగావళి_గట్టు | రాత్రి 1:48

బ్రదర్, భయపడకు. మా పిన్నికి కూడా అయింది. ఆసుపత్రుల్లో గాలి సోకడం మామూలే. నిమ్మకాయ మంచం కింద పెట్టి, మన వైపు ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే మంత్రం వేయించు. మూడు రోజుల్లో దిగిపోతుంది.

ఇజీనారం_కుర్రోడు | రాత్రి 2:05

గాలీ లేదు, ధూళీ లేదు. అన్నా, దీనికి పేరుంది, డెలీరియం అంటారు. మా నాన్నకి రెండేళ్ల క్రితం ప్రోస్టేట్ ఆపరేషన్ అయినప్పుడు వచ్చింది. కానీ మా నాన్న కేకలు వేయలేదు. చప్పుడు లేకుండా గోడకేసి తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే నోట్లోనే ఉంచుకునేవాడు. వచ్చినవాళ్లంతా "పాపం, విశ్రాంతి తీసుకుంటున్నాడు, లేపకండి" అనేవారు. మేమూ అదే అనుకున్నాం. మూడో రోజు మా చెల్లి పట్టుబట్టి ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము. మీ అమ్మ గోల చేస్తోంది కాబట్టి మీరు లేచి ఇక్కడ రాస్తున్నారు. మా నాన్న గోల చేయలేదు, మేం హాయిగా పడుకున్నాం.

ఇక్కడ రిటైర్డ్ సిస్టర్ గారు ఉంటారు, పొద్దున్నే చూస్తారు. ఆగండి.

జీడితోట | ఉదయం 5:10

ఏ ఆసుపత్రి? పేరు పెట్టండి. ముసలమ్మ చేతులు కట్టేస్తారా? నలుగురికీ తెలియాలి.

నిర్వాహకుడు | ఉదయం 5:32

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు ఇక్కడ వద్దు. ఫిర్యాదు ఉంటే పెట్టే చోట పెట్టుకోండి. ఈ దారం (థ్రెడ్) అమ్మ గురించి, అలాగే ఉంచుదాం. నిమ్మకాయ చర్చ కూడా వేరే దారంలో.

రిటైర్డ్_సిస్టర్ | ఉదయం 5:55

బాబూ, ఇప్పుడే చూశాను. 31 ఏళ్లు వార్డుల్లో చేశాను, అందులో ఎక్కువ ఎముకల వార్డే. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఇది చాలామందికి వస్తుంది. మా అమ్మమ్మ కాలంలో దీన్నే సంధి అనేవారు, సంధి ప్రేలాపన. పిచ్చి కాదు. మతిమరుపు జబ్బూ కాదు. మతిమరుపు నెలల తరబడి మెల్లగా వస్తుంది. ఇది ఒక్కరోజులో వస్తుంది, పొద్దున్న కాస్త తేలికపడి, దీపాలు పెట్టే వేళకి మళ్లీ ముదురుతుంది. మీ అమ్మకి అలాగే ఉందా లేదా చూడండి.

ఇది వచ్చిందంటే వెనకాల ఏదో ఒక కారణం ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి. అందుకే "వయసు కదా" అంటే ఊరుకోకూడదు. పొద్దున్న రౌండ్స్‌కి డాక్టరు గారు రాగానే, గొడవ పడకుండా, ఇవి అడగండి: రక్తంలో సోడియం ఎంత ఉంది? జ్వరం గానీ, మూత్రంలో చీము గానీ ఉందా? ఊపిరి ఎలా ఉంది, ఆక్సిజన్ ఎంత? నిద్రకి గానీ నొప్పికి గానీ కొత్త మందు ఏమైనా మొదలుపెట్టారా?

ఇక మీరు చూడాల్సినవి. విరేచనమై ఎన్నాళ్లయింది? మూత్రం గొట్టం తీసేశాక సరిగ్గా వెళ్తోందా, పొత్తికడుపు ఉబ్బి ఉందా? నీళ్లు తాగుతోందా? కళ్లజోడు పెట్టుకునే మనిషా? పెట్టుకుంటే అది ఇప్పుడు ఎక్కడ ఉంది?

చివరిది నవ్వులాటగా అడగలేదు.

చేతులు కట్టడం మాత్రం తప్పు. కడితే బెదురు రెట్టింపవుతుంది. సూది ఉన్నచోట బ్యాండేజీ చుట్టి, పైన పొడుగు చేతుల జాకెట్టు తొడిగితే అది కంటికి కనపడదు, కనపడకపోతే పీకరు. పక్కన ఇంట్లోవాళ్లు ఒకరు చేయి పట్టుకుని కూర్చుంటే గాజుగుడ్డ అక్కర్లేదు. సిస్టర్స్‌తో మంచిగా చెప్పి విప్పించండి. రాత్రి డ్యూటీలో ఒకళ్లే నలభై మంచాలు చూస్తుంటారు బాబూ, నేనూ చూశాను. అలాగని అది సరైనదని కాదు.

ఉద్దానం_కొబ్బరాకు | ఉదయం 6:20

సిస్టర్ గారూ, కళ్లజోడు నా సంచిలోనే ఉంది. పడినప్పుడు ఒక కాడ ఊడిపోతే జాగ్రత్తగా ఉంటుందని గుడ్డలో చుట్టి పెట్టాను. సోమవారం నుంచి అమ్మ కళ్లజోడు లేకుండానే ఉంది.

విరేచనం... ఆదివారం అయినట్టుంది. ఐదు రోజులు.

రిటైర్డ్_సిస్టర్ | ఉదయం 6:24

కాడ పోతే దారం కట్టండి. ఇప్పుడే.

ఉద్దానం_కొబ్బరాకు | ఉదయం 11:40

చేతులు విప్పించాను. పక్క మంచం ఆవిడ దగ్గర పూలు కట్టే దారం ఉంటే అడిగి, కళ్లజోడు కాడకి చుట్టి చెవి వెనక ముడి వేశాను. పెట్టగానే కాసేపు పైకప్పు చూసింది, ఫ్యాను చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఏట్రా, గెడ్డం గీసుకోనేదేటి?" అంది. నేను బయటికెళ్లి ఏడ్చి వచ్చాను. లోపలికి రాగానే "బడికెళ్లనేదా?" అని అడిగింది. నాకు 44 ఏళ్లు. అంటే పూర్తిగా రాలేదు, కానీ కొడుకునన్నది తెలిసింది.

డాక్టరు గారు రౌండ్స్‌లో అన్నీ విన్నారు. పరీక్ష రాశారు. సోడియం 122 వచ్చింది. 135 ఉండాలట. అమ్మ ఎన్నాళ్లుగానో వాడుతున్న బీపీ మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉందని, దానికి ఆపరేషన్, తిండి తినకపోవడం తోడయ్యాయని అన్నారు. ఆ మాత్ర ఆపి వేరేది రాశారు.

నాగావళి_గట్టు | మధ్యాహ్నం 12:15

ఉప్పు తగ్గిందంటే మజ్జిగలో నాలుగు చెంచాల ఉప్పేసి తాగించెయ్ బ్రదర్, సాయంత్రానికి లేచి కూర్చుంటుంది.

రిటైర్డ్_సిస్టర్ | మధ్యాహ్నం 12:31

అలా చేయకండి! సోడియం గబుక్కున పెంచితే మెదడుకే దెబ్బ. రోజుకి కొంచెం కొంచెంగా, మధ్యలో రక్తపరీక్షలు చేసుకుంటూ వాళ్లే పెంచుతారు. మీ పని అమ్మ పక్కన ఉండడం. పగలు కిటికీ తెర తీసి వెలుగు రానివ్వండి, రాత్రి లైట్లు తగ్గించండి. ఇది శ్రీకాకుళం, ఇవాళ శుక్రవారం, నీ కాలికి ఆపరేషన్ అయింది అని గంటకోసారి మెల్లగా చెప్పండి. అన్నియ్యా అంటే "నేను అన్నియ్యని కాదు, ఆయన ఎప్పుడో పోయాడు" అని మాత్రం అనకండి. అంటే ఆవిడ దృష్టిలో ఆయన ఇవాళే పోయినట్టు.

జీడితోట | మధ్యాహ్నం 1:02

నేను మందసవాణ్ణి. ఒక్క మాట అడుగుతా, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లం కాబట్టి. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ ఎంత?

ఉద్దానం_కొబ్బరాకు | మధ్యాహ్నం 1:30

1.5 అని ఉంది కాగితంలో. పర్లేదా?

జీడితోట | మధ్యాహ్నం 1:52

పర్లేదని గానీ పర్లేదు కాదని గానీ చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. మా నాన్నని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తాను. 2023 డిసెంబరులో అక్కడ కిడ్నీ ఆసుపత్రి తెరవక ముందు ఇంకా దూరం పోయేవాళ్లం. మా నాన్నా ఏళ్ల తరబడి జీడితోటలో పని చేసి వచ్చి ఒళ్లు నొప్పులకి కొట్లో బిళ్లలు కొని వేసుకున్నవాడే. కిడ్నీ పాడవడానికి అదొక్కటే కారణమని అనను. మన దగ్గర ఎందుకొస్తుందో తేల్చడానికి ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు. కానీ ఉన్న కిడ్నీని నొప్పుల బిళ్లలు ఇంకా పాడుచేస్తాయన్నది మాత్రం ఏ డాక్టరైనా చెప్తాడు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు వాళ్లు చూసుకుంటారు. భయమంతా ఇంటికెళ్లాకే. కాలు లాగుతుంటే చిన్నాన్న వెళ్లి మెడికల్ షాపులో "నొప్పికి మంచి బిళ్ల ఇవ్వండి" అంటాడు. వాడు రంగురంగులవి మూడు చుట్టి ఇస్తాడు. డిశ్చార్జి చీటీలో రాసింది తప్ప ఏదీ వేయకండి. ఆ చీటీలో క్రియాటినిన్ అంకె ఉండేలా చూసుకోండి, ఎక్కడికెళ్లినా ముందు అదే చూపించండి.

ఉద్దానం_కొబ్బరాకు | రాత్రి 9:15

అడిగాను అన్నా. పారాసెటమాలే ఇస్తున్నాం, మిగతావి కిడ్నీ చూసి ఆపేశాం అన్నారు. మనసు కుదుటపడింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇవాళ సాయంత్రం మళ్లీ "గాలి, గాలి" అని మొదలుపెట్టింది. నేను చేయి పట్టుకుని పక్కనే కూర్చున్నాను కాబట్టి ఈసారి నాకూ వినపడింది. పుండ్లు పడకుండా మంచం మీద గాలి పరుపు వేశారు కదా, దాని మోటారు మంచం కిందే నేల మీద ఉంది. ఒక నిమిషం హూ... అని పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. కళ్లు మూసుకుని విన్నాను. అచ్చం తిత్లీ తుఫాను రాత్రే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అమ్మ, నేను, మా ఆవిడ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాం. పొద్దున్న లేచి చూస్తే పెరట్లో 23 కొబ్బరి చెట్లలో నాలుగు మిగిలాయి. అమ్మ ఎక్కడికీ పోలేదు, ఆ తలుపు దగ్గరే ఉంది.

మోటారు తీసి మంచం కాళ్ల వైపు కమ్మీకి తగిలించి, కింద తువ్వాలు మడతపెట్టాను. చప్పుడు సగం తగ్గింది. ఇప్పుడు పడుకుంది.

ఇజీనారం_కుర్రోడు | రాత్రి 9:40

చదువుతుంటే ఒళ్లు జలదరించింది అన్నా.

పెద్దమావయ్య_టెక్కలి | శనివారం, ఉదయం 7:30

ఈ దారం ఇప్పుడే చూశాను. డాక్టర్ల మాట డాక్టర్లదే, కాదనను. కానీ పత్యం మాటేటి? పప్పు పెట్టకండి, వంకాయ పెట్టకండి, గుడ్డు అసలు వద్దు. కుట్టు చీము పడుతుంది. మా ఇంట్లో మూడు ఆపరేషన్లు అయ్యాయి, ఒక్కదానికీ చీము పట్టలేదంటే పత్యం వల్లే.

రిటైర్డ్_సిస్టర్ | ఉదయం 8:10

అన్నయ్య గారూ, మీ ఇంట్లో చీము పట్టలేదంటే డ్రెస్సింగ్ శుభ్రంగా చేశారని అర్థం. చీము పట్టేది పప్పుతో కాదు, సూక్ష్మక్రిములతో. షుగర్ అదుపులో లేకపోయినా, మురికి చేత్తో కట్టు ముట్టుకున్నా పడుతుంది. కోసిన కండ మళ్లీ కలవాలంటే మాంసకృత్తులు కావాలి. నెల రోజులు చారన్నం మీద ఉంచిన పేషెంట్లని చూశాను, కుట్లు మానవు, మంచం మీద పుండ్లు మాత్రం పడతాయి.

అయితే ఈ అమ్మ క్రియాటినిన్ 1.5. గుడ్లు ఎన్ని, పప్పు ఎంత, చేప ఎంత అన్నది వాళ్ల డాక్టరు గారినే అడిగి పెట్టండి. చోడంబలి (రాగి అంబలి) మాత్రం రోజూ తాగే మనిషైతే అదే ఇవ్వండి. నోటికి తెలిసిన రుచి తగిలితే తిండి లోపలికి పోతుంది.

పెద్దమావయ్య_టెక్కలి | ఉదయం 8:26

సరే తల్లీ. వంకాయ మాత్రం నేను ఒప్పుకోను.

ఫిజియో_ఆమదాలవలస | ఉదయం 10:05

నడిపించడం మొదలుపెట్టారా? మామూలుగా ఈ ఆపరేషన్ అయిన మర్నాడో, రెండో రోజో వాకర్‌తో నిలబెట్టేస్తారు. మంచం మీద ఎన్ని రోజులు ఉంటే అన్ని తిప్పలు: కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, నిమ్ము, పుండ్లు. పొట్ట మీద ఇస్తున్న సూది ఆ గడ్డల కోసమే. పడుకున్నా పాదం ఆడించమనండి, బండి బ్రేకు తొక్కినట్టు తొక్కాలి, వదలాలి.

ఊపిరితిత్తుల కసరత్తుకి మూడు బంతుల డబ్బా ఒకటి ఇచ్చి ఉంటారు. అది ఊదేది కాదు! తొంభై శాతం మంది ఊదుతారు, అటెండెంట్లు పక్కన నిలబడి "గట్టిగా ఊదు" అని హుషారు చేస్తారు. అది పీల్చేది. కొబ్బరిబొండాంలో గొట్టం పెట్టి లాగినట్టు లోపలికి లాగితే బంతులు లేవాలి.

ఉద్దానం_కొబ్బరాకు | ఉదయం 10:20

మూడు రోజులుగా ఊదిస్తున్నాను.

ఫిజియో_ఆమదాలవలస | ఉదయం 10:21

చెప్పానా.

ఉద్దానం_కొబ్బరాకు | ఆదివారం, రాత్రి 8:30

ఇవాళ్టి సంగతులు. సోడియం 129. నిన్న ఎనిమా ఇచ్చాక విరేచనమైంది, దాని తర్వాతే ముఖం తేటపడింది. పెద్దవాళ్లకి కడుపుకీ బుర్రకీ ఇంత చుట్టరికం ఉందని నాకు తెలియదు. పొద్దున్న ఆదివారం అని చెప్తే అరసవల్లి ఎటువైపో అడిగి దణ్ణం పెట్టుకుంది. సాయంత్రం ఇద్దరు పట్టుకుంటే వాకర్ మీద ఆరు అడుగులు వేసింది. ఏడో అడుగుకి ఫిజియో అబ్బాయిని "సాల్లే, నువ్వు నడువు" అంది. వార్డంతా నవ్వారు.

రాత్రిపూట ఇంకా కొంచెం తికమక ఉంది. గేదెని ఎవరు విప్పారని అడుగుతుంది.

కార్డు సంగతి ఎవరో మెసేజ్‌లో అడిగారు. మాకు ఎన్టీఆర్ వైద్య సేవలో అయింది. మా అమ్మకి అది ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని ఈ పథకం పని చూసే వైద్యమిత్ర దగ్గరికి మొదటి గంటలోనే వెళ్లండి, డబ్బు కట్టాక కాదు. అనుమానం ఉంటే 104కి ఫోన్ చేయొచ్చు.

ఇజీనారం_కుర్రోడు | రాత్రి 9:02

ఆ రాత్రి తికమకకి కంగారు పడకండి. మా నాన్నకి పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది. ఇంటికొచ్చాక, తన మంచం, తన గోడ గడియారం కనపడ్డాక తొందరగా తేరుకున్నాడు.

రిటైర్డ్_సిస్టర్ | రాత్రి 9:20

ఇంటికెళ్లే ముందు ఇల్లు సర్దుకోండి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే పనికిరాదు, కమోడ్ కుర్చీ కొనండి. పీట మీద కూర్చోవడం, బాసింపట్టు వేయడం, కాలు మీద కాలు వేయడం సర్జన్ సరేననేదాకా వద్దు. పెట్టిన గుండు జారిపోతుంది. పడుకున్నప్పుడు రెండు కాళ్ల మధ్య తలగడ. నూతి గట్టు దగ్గరికి అసలు పోనివ్వకండి.

ఇంకొకటి. పలకరించడానికి వచ్చేవాళ్లని ఒకేసారి పదిమందిని గదిలోకి పంపకండి.

ఉద్దానం_కొబ్బరాకు | పదిహేను రోజుల తర్వాత, సాయంత్రం 6:10

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, జవాబివ్వలేకపోయాను. 14వ రోజు కుట్లు తీశారు. సోడియం 136. ఇంటికొచ్చి పది రోజులైంది.

పలకరింపులకి రోజుకి ఇరవై మంది. సిస్టర్ గారు చెప్పినట్టు వీధి అరుగు మీదే ఆపుతున్నాను, చుట్టాలకి కోపాలొచ్చాయి. చిన్నాన్న నిజంగానే నొప్పుల బిళ్లలు తెచ్చాడు, జీడితోట అన్నా, నువ్వు చెప్పినట్టే మూడు రంగులు. తిప్పి పంపాను. అమ్మకి ఆసుపత్రిలో జరిగిందేదీ గుర్తులేదు. చేతులు కట్టిన సంగతీ లేదు. నేను చెప్పలేదు. కళ్లజోడుకి కొత్త కాడ వేయిస్తానంటే వద్దంది, దారమే బాగుందట.

ఒక చిన్న సాయం కావాలి. వాకర్ కింద నాలుగు రబ్బరు బుడిపెలు ఉంటాయి కదా, ముందువి రెండూ అరిగిపోయి లోపలి ఇనుము నేలకి తగులుతోంది. పొద్దున్నే లేచి పెరడంతా గీసుకుంటూ తిరుగుతోంది, కొబ్బరి మొక్కలకి నీళ్లు పట్టారా లేదా అని. అవి విడిగా దొరుకుతాయా, కొత్త వాకర్ కొనాలా?

ఫిజియో_ఆమదాలవలస | సాయంత్రం 6:32

విడిగా దొరుకుతాయి. సర్జికల్ షాపులో బుష్‌లు అని అడగండి. పాతది ఒకటి ఊడదీసి సైజుకి పట్టుకెళ్లండి. నాలుగూ ఒకేసారి మార్చండి, రెండే మారిస్తే ఎగుడుదిగుడు అవుతుంది. మట్టి నేల అయితే ఇంకో జత ఎక్కువ తెచ్చుకోండి.